బెండుకో నేటివిటీ సర్టిఫికెట్టు

ఈ గొడవంతా ఒక కల్వర్టు దగ్గర మొదలైంది. కల్వర్టు తప్పేమీ లేదు పాపం. ఒక పెద్దాయన దాన్ని ప్రారంభించడానికి వచ్చి, రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, కారెక్కబోతుంటే ఒక విలేఖరి అడ్డం వచ్చాడు. "అయ్యా, కల్వర్టు అనే మాట ఎక్కణ్ణించి వచ్చిందండీ?" అని అడిగాడు. ఆ రోజు వేరే వార్తలేవీ లేవు, అందుకని అడిగాడు. పెద్దాయన కార్యదర్శి వైపు చూశాడు. కార్యదర్శి చీఫ్ ఇంజనీరు వైపు చూశాడు. చీఫ్ ఇంజనీరుకి చూడ్డానికి ఇంకెవరూ మిగలక సెల్‌ఫోన్‌లోకి చూశాడు. ఆ మాట ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలీదని అందులో ఉంది.

"ఊరూ పేరూ లేని మాటకి నా చేత కొబ్బరికాయ కొట్టిస్తారా!" అని పెద్దాయన మండిపడ్డాడు.

మూడో నాటికి జీవో వచ్చింది. "ప్రభుత్వ బోర్డులపై లిఖించు ప్రతి అన్యభాషా పదమునకు జన్మస్థలము, వంశక్రమము, అసలు అర్థము విచారించి, ధ్రువీకరణ పత్రము జతపరచిన పిమ్మటనే రంగు వేయవలెను. అంతవరకు సదరు బోర్డులు ఖాళీగా ఉంచవలెను." వారం తిరిగేసరికి ఆస్పత్రి బోర్డూ, బస్టాండు బోర్డూ, పోలీస్ స్టేషన్ బోర్డూ సున్నం పూసుకుని నిలబడ్డాయి. జ్వరం వచ్చినవాళ్లు స్టేషన్‌కి వెళ్లి తన్నులు తిన్నారనీ, దొంగలు ఆస్పత్రికి వెళ్లి సెలైన్ ఎక్కించుకుని వచ్చారనీ జనం చెప్పుకున్నారు. ఎంతవరకు నిజమో మనకి తెలీదు.

రాజధానిలో వేసిన సున్నం జీలుగుమెట్ట ఘాట్ రోడ్డు దాకా రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ ఘాట్‌లో పదో మైలు రాయి దగ్గర రోడ్డుకి ఒక లోతైన గెడ్డ, అంటే కొండవాగు, అడ్డం వస్తుంది. వంతెన వేసే ఓపిక ఎవరికీ లేకపోవడం వల్ల రోడ్డు ఆ గెడ్డని చుట్టుకుని, కొండ పొట్టలోకంటా వెళ్లి, గుర్రపు లాడంలా తిరిగి అవతలి గట్టున తేలుతుంది. ఆ లాడం నడుమన, కొండ వారగా ఉన్నది సన్యాసమ్మ టిఫిన్ కొట్టు. ఇడ్లీ, గారెలు, అల్లం టీ. పైన తాటాకు పందిరి, కింద రెండు బల్లలు, పక్కన నులక మంచం మీద ఆవిడ అత్తగారు పారమ్మ.

డ్రైవర్లంతా దాన్ని బెండు అనే అంటారు. తెలిసిన డ్రైవరైతే రెండు ఫర్లాంగుల ముందే బ్రేకు మీద కాలేస్తాడు. తెలియనివాడు తిన్నగా సన్యాసమ్మ కొట్లోకి వస్తాడు. లారీతో సహా వస్తాడు. ఏడాదిన్నరలో పదకొండు లారీలు అలా వచ్చాయి. అన్నీ పందిరి రాటలు విరిచి, బల్లలు నుగ్గు చేసి, వెనక ఉన్న కొండకి ముట్టె ఆనించి ఆగినవే. దేవుడి దయవల్ల మనుషులెవరూ పోలేదు గానీ సన్యాసమ్మ ఇడ్లీ పాత్రలు మూడుసార్లు చపాతీలయ్యాయి. పారమ్మకి చూపు ఆనదు. ధడేలుమని చప్పుడైనప్పుడల్లా ఆవిడ మంచం మీంచి కదలకుండా గాలి పీల్చి, "ఉల్లిపాయల లోడే," అనో, "సిమెంటొచ్చినాదే, మూత పెట్టు," అనో చెబుతుంది. ఒక్కసారీ తప్పలేదు.

పదకొండో లారీ వచ్చిన మర్నాడు సన్యాసమ్మ వంకరపోయిన పెనం సంచిలో వేసుకుని, బస్సెక్కి, కొండ కిందున్న రోడ్ల శాఖ సెక్షన్ ఆఫీసుకి వెళ్లింది. అక్కడ ఏఈ మృత్యుంజయరావుగారు ఉంటారు. ఇరవై ఎనిమిదేళ్లు ఫైళ్లు రాసి రాసి ఆయనకి నోటిమాట కూడా ఫైలు భాషలోనే వస్తుంది. ఇంట్లో భోజనానికి కూచుని "పప్పునందు ఉప్పు లోపించినది, తగు చర్య నిమిత్తము" అంటాడని ఆఫీసులో అంటారు.

"బాబుగారూ, బోర్డెట్టీండి బాబూ. మా ముసల్దానికి కళ్లు నేవు. రేపు దాని మంచం మీదికొచ్చీస్తే ఎవులు దిక్కు?" అంది సన్యాసమ్మ పెనం బల్ల మీద పెట్టి.

"చూడమ్మా. స్తంభము పాతడమైనది. రేకు బిగించడమైనది. తెల్లరంగు పూయడమైనది. అక్షరముల విషయము మాత్రము పెండింగులో ఉన్నది."

"అదే కదా బాబూ నా ఏడుపు. ఉత్త రేకు నిలబెట్టినారు. అందులో ఏటుందా అని డ్రైవర్లు తల తిప్పుతున్నారు. తల తిప్పినోడు తిన్నగా నా కొట్లోకి ఒస్తన్నాడు. మొన్నొచ్చిన రెండూ అలాగొచ్చినవే."

మృత్యుంజయరావుగారు జీవో తీసి చూపించారు. బెండ్ అన్నది పరాయి మాట. దాని పుట్టుపూర్వోత్తరాలు తేలాలి.

"అయితే మలుపని రాసీండి. అది మన మాటే కదా."

"ఎస్టిమేటులో బెండ్ బోర్డు మంజూరైనది. మలుపు అని రాసినచో, మలుపు బోర్డు ఎవరు మంజూరు చేసినారని, మంజూరైన బెండ్ బోర్డు ఎచటికి పోయినదని ఆడిట్ వారు నన్ను ప్రశ్నింతురు."

"పోనీ, మాటొద్దు. వంకర బాణం బొమ్మెయ్యండి."

"బాణము దేనికి గుర్తు? బెండుకి. బెండు అనగానేమి? అదే కదా తేలవలసి ఉన్నది!" అని ఆయన చాలా సంతోషించారు. తర్వాత గొంతు తగ్గించి, ఆ నేటివిటీ సర్టిఫికెట్టు ఏదో ఆవిడే తహసీల్దారు ఆఫీసులో తెచ్చుకుంటే పని త్వరగా అవుతుందని సలహా ఇచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు.

తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు నింపే గుమాస్తా కంప్యూటర్ ముందు కూచుని, "అభ్యర్థి పేరు?" అన్నాడు.

"బెండు బాబూ."

"ఇంటిపేరు?"

"నేదు."

"తండ్రి పేరు?"

అదీ నేదంది సన్యాసమ్మ. తండ్రి పేరు వేయకపోతే కంప్యూటర్ ముందుకి కదలదన్నాడు గుమాస్తా. పుట్టిన తేదీ కూడా కావాలన్నాడు. చివరికి అతనే తెలివి చేసి, తండ్రి పేరు దగ్గర "ఇంగ్లీషు" అనీ, పుట్టిన తేదీ దగ్గర జనవరి ఒకటి అనీ, వృత్తి దగ్గర "వంగడం" అనీ కొట్టాడు. పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు రెండు అడిగాడు. సన్యాసమ్మ మలుపుని ఫొటో తీయించి తెచ్చింది. చెవులు రెండూ కనబడాలని వెనక్కి పంపించారు. మలుపుకి చెవులేమిటని ఎవరూ అడగలేదు. రెండు కొసలూ పడేట్టు మళ్లీ తీయిస్తే సరిపోయింది.

తర్వాత విచారణ. వీఆర్వో లోకనాథం బైకు మీద కొట్టుకి వచ్చి, ముందు నాలుగు గారెలు విచారించాడు. ఆ పైన కాగితం తీసి, సదరు పదం ఈ గ్రామంలో ఎన్నాళ్లుగా నివాసం ఉంటోందో ఇరుగుపొరుగు సాక్షులు చెప్పాలన్నాడు. పైపులు బిగించే అప్పన్న వచ్చి, బెండు తన సంచిలోనే ఉంటుందని, అరంగుళానిది ఒకటి తీసి చూపించాడు. సైకిల్ షాపు కూర్మారావు తన దగ్గరికి రోజూ రెండు మూడు బెండులు వస్తాయనీ, చువ్వలు బిగించి సాయంత్రానికి పంపించేస్తాననీ చెప్పాడు. టీ కోసం ఆగిన కానిస్టేబుల్, తమ స్టేషన్‌లో బెండు తీయడం తప్ప ఉంచుకోవడం అలవాటు లేదన్నాడు. లోకనాథం అన్నీ రాసుకుని ఇలా నివేదిక పంపాడు: "సదరు బెండు గ్రామమునందు నాలుగు చోట్ల వేర్వేరుగా నివాసముండుట గమనించితిని. పోలీసువారి వద్ద మాత్రము తీసివేయబడినది. నాలుగూ ఒకే బెండా, అన్నదమ్ములా అన్నది తేల్చుట నా పరిధిలో లేదు."

తహసీల్దారుకీ ఆ పరిధి లేదు. ఫైలు జిల్లా కేంద్రంలో కొత్తగా పెట్టిన శబ్దమూల నిర్ధారణ సంఘానికి వెళ్లింది. సన్యాసమ్మని అర్జీదారుగా రమ్మని నోటీసొచ్చింది. కొట్టు మూసి, అత్తని పక్కింట్లో అప్పజెప్పి, తెల్లవారుజాము బస్సుకి బయల్దేరింది.

సంఘానికి అధ్యక్షుడు ప్రత్యేకాధికారి త్రివిక్రమరాజుగారు. సభ్యుడు ఆచార్య వాచస్పతిగారు. వాచస్పతిగారు నలభై ఏళ్లుగా మాటల పుట్టుక మీద పనిచేస్తున్నారు. ఇన్నాళ్లకి ఆయన్ని ఒకరు ఒక మాట గురించి అడిగారు. అందుకని ఆయన పట్టుచొక్కా వేసుకుని వచ్చారు.

"అధ్యక్షా! లోకులు బెండ్ అనగా వంగుట అని భ్రమపడుచున్నారు. కాదు. తొలినాళ్లలో ఆ దేశమున బెండ్ అనగా కట్టుట!" అన్నారాయన. "విల్లు ఉన్నది. దానికి నారి బిగించి కట్టుటను బెండ్ అనేవారు. కట్టిన పిమ్మట విల్లు వంగును. జనులు కట్టిన తాడును మరచి, వంగిన కర్రను చూచి, అదియే బెండ్ అనుకొన్నారు. నేటికిని ఓడల మీద పనిచేయువారు రెండు తాళ్లను కలిపి వేయు ముడిని బెండ్ అనే పిలుతురు. ఇంకొక విశేషము. మన బంధము, ఆ బెండ్, ఒకే మూలము నుండి పుట్టిన సంతానము. అనగా బెండ్ మనకు బంధువు!"

అధ్యక్షుల వారు కళ్లజోడు సర్దుకున్నారు. "అయినచో ఇది స్థానిక అభ్యర్థి అనుకోవచ్చునా?"

"సమీప బంధువు క్రింద పరిగణించవచ్చును."

సన్యాసమ్మకి ప్రాణం లేచొచ్చింది. "అయితే బోర్డు మీద రాసీమంటారా బాబూ?"

త్రివిక్రమరాజుగారు చెయ్యెత్తి ఆపారు. జీవోలో అసలు అర్థము అని ఉంది. అసలు అర్థం కట్టుట అని ఇప్పుడే తేలింది. పదో మైలు దగ్గర రోడ్డు వంగి ఉంది గానీ ఎవరూ దేనికీ దేన్నీ కట్టలేదు. కట్టనిచోట కట్టినట్టు బోర్డు పెడితే ప్రజలను తప్పుదోవ పట్టించినట్టవుతుంది. ఘాట్ రోడ్డులో తప్పుదోవ మహా ప్రమాదం. ఇలా ఆలోచించి, ఆయన ఉత్తర్వు రాయించారు: "సదరు మలుపు యొక్క రెండు కొసలను కలుపుతూ, వింటినారి వలె, నాలుగంగుళముల లావు గల తాడును రోడ్ల శాఖ వారు తక్షణము కట్టవలెను. తాడు కట్టి మూడు మాసములు పరిశీలించిన పిమ్మట పదము విషయమై నిర్ణయము గైకొనబడును."

వాచస్పతిగారు కళ్లు తుడుచుకున్నారు. నలభై ఏళ్ల పరిశోధనకి ఒక ప్రభుత్వం తాడు మంజూరు చేయడం ఆయన ఎరగరు.

సన్యాసమ్మ బస్సులో దారంతా తిట్టుకుంటూ వచ్చింది. కానీ వారంలోగా తాడు వచ్చింది. మృత్యుంజయరావుగారు దగ్గరుండి, మలుపు మొదట్లో ఒక ఇనప స్తంభం, చివర్లో ఒకటి పాతించి, గెడ్డకి అడ్డంగా తాడు బిగించారు. ఆ తాడు లారీని ఆపదు, మనిషినీ ఆపదు. అది గెడ్డ మీద ఉంది, లారీలు పోయేది రోడ్డు మీద. రెండు కొసల దగ్గర చేతికందే ఎత్తులో ఉండి, మధ్యలో గాలిలో వేలాడుతోంది.

"ఏటి కట్టినారే?" అని అడిగింది పారమ్మ.

"తాడు కట్టినారత్తా."

"దేనికి?"

"మాట నిలబెట్టుకోడానికంట."

పారమ్మ చెయ్యి చాపి ఎండా గాలీ చూసుకుంది. "బట్టలారీసుకోడానికి బాగుంటాది," అంది.

ఆ మాట పక్కనున్న పిట్టలపాడు దాకా పోయింది. కొండవాలు ఊరు అది, ఎండ తగిలే చోటే తక్కువ. మర్నాటి నుంచి ఆడవాళ్లు గెడ్డలో ఉతికిన చీరలన్నీ తెచ్చి తాడు రెండు కొసలా ఆరేయడం మొదలెట్టారు. ఎర్ర చీరలు, పచ్చ చీరలు, లంగాలు, లుంగీలు, దుప్పట్లు. గాలికి అవన్నీ పటపటలాడుతుంటే మైలు దూరం నుంచే కనబడేవి. పైనుంచి దిగే డ్రైవరుకి ఇదేదో ఊరు, జాతరో పెళ్లో జరుగుతోంది, పిల్లలు అడ్డం వస్తారు అనిపించేది. బ్రేకు మీద కాలేసేవాడు. అలా నెమ్మదించి వచ్చేసరికి మలుపు దానంతటదే దాటిపోయేది.

మూడు నెలలు ఒక్క లారీ కూడా కొట్లోకి రాలేదు. సన్యాసమ్మ కొత్త పందిరి వేయించింది. గోడకి నీలం రంగు కొట్టించింది. పారమ్మకి మాత్రం బొత్తిగా తోచేది కాదు. "ఏటే, లారీలు మానీసినారా?" అని రోజుకి రెండుసార్లు అడిగేది.

మూడు నెలల గడువు ముగిసిన నాడు సంఘం నుంచి ఉత్తర్వు వచ్చింది. మృత్యుంజయరావుగారు దాన్ని కొట్టు ముందు నిలబడి చదివి వినిపించారు. "పరిశీలనా కాలమునందు సదరు స్థలమున ఒక్క ప్రమాదమైనను నమోదు కాలేదు. బెండు ఉన్నచోట ప్రమాదము జరుగుట లోకవిదితము. ప్రమాదము లేదు కావున, పదో మైలు వద్ద బెండు లేదని ఇందుమూలముగా నిర్ధారించడమైనది. బెండు లేనిచోట తాడు అనవసరము కావున తక్షణము తొలగించి స్టోరుకు జమచేయవలెను."

"నేకపోడమేటి బాబూ! అదిగో, కళ్లెదురుగా వంకర తిరిగుంటే!"

"నాకును కనబడుచున్నది అమ్మా," అన్నారాయన నిజాయితీగా. "కానీ నాకు కనబడినది ఫైలులో లేదు."

"పోనీ మా చీరల కోసం మా తాడు మేమే కట్టుకుంటాం."

"రోడ్డు హద్దులో ప్రైవేటు తాడు ఆక్రమణ క్రిందకు వచ్చును." ఆయన మనుషులు పదహారు చీరలు, రెండు లుంగీలు, ఒక దుప్పటి పంచనామా రాసి, మడతపెట్టి ఇచ్చేసి, తాడు చుట్టుకుని వెళ్లిపోయారు.

నాలుగో రోజు మధ్యాహ్నం పన్నెండో లారీ వచ్చింది. ఈసారి అది పందిరి దాటి, కొత్త నీలం గోడ దాటి, పారమ్మ మంచం కోడుకి జానెడు దూరంలో ఆగింది. పారమ్మ గాలి పీల్చి, "బెల్లమే," అంది. అని నవ్వింది. సన్యాసమ్మ నవ్వలేకపోయింది. ఆ జానెడు దూరాన్నే చూసింది. పెళ్లయినప్పట్నించీ తనని తిట్టిపోసిన ఆ ముసలమ్మ పాదాలు పట్టుకుని, విరిగిన బల్ల పక్కన కూలబడి, బిగ్గరగా ఏడ్చింది. పారమ్మ చేత్తో తడుముకుని కోడలి తల పట్టుకుంది.

"ఊరుకోయే. ఆళ్లు బుద్ధి తక్కువోళ్లు. నీకు నేదా బుద్ధి?"

మర్నాడు సన్యాసమ్మ మళ్లీ సెక్షన్ ఆఫీసుకి వెళ్లింది. ఈసారి పెనం తీసుకెళ్లలేదు. సంఘం ఉత్తర్వు నకలు తీసుకెళ్లింది. ఏడుపు గొంతు లేదు, అర్జీ లేదు.

"బాబూ, పదో మైలు దగ్గర బెండు నేదని సర్కారు తేల్చేసినాది కదా."

"తేల్చడమైనది."

"మరైతే ఆ ముక్క జనానికి తెలవాలి కదా. ఉత్త రేకు అలాగే నిలబడుంది. దాని మీద ఆ ముక్క రాయించీండి. 'ఇచ్చట బెండ్ లేదు' అని."

మృత్యుంజయరావుగారు కుర్చీలో నిటారుగా కూచున్నారు. "బెండ్ అను పదమునకు ధ్రువీకరణ పత్రము..."

"ఉన్నదానికి కదా బాబూ పుట్టుక, వంశం. నేనిదానికి పుట్టుకెక్కడిది?"

ఆయన జీవో తీసి మొదటి నుంచి చివరి దాకా చదివారు. మళ్లీ చివరి నుంచి మొదటికి చదివారు. లేనిదానికి జన్మస్థలం చూపాలని ఎక్కడా లేదు. ఆ మాటకొస్తే, ఎస్టిమేటులో ఉన్నది బెండ్ బోర్డు. ఇదీ బెండ్ బోర్డే. ఆడిట్ వారు అడగడానికి ఏమీ మిగలదు. రేకు వినియోగమైనట్టు రాయవచ్చు, ఫైలు మూసేయవచ్చు. ఇరవై ఎనిమిదేళ్లలో ఆయనకి ఒక ఫైలు పూర్తిగా మూసే అవకాశం రావడం ఇదే. ఆయన ఉబ్బితబ్బిబ్బై, జీవితంలో మొదటిసారి మామూలు తెలుగులో, "ఇవ్వాళే రాయించేస్తానమ్మా!" అన్నారు.

సాయంత్రానికల్లా పెయింటర్ వచ్చి, మలుపుకి కాస్త ముందున్న రేకు మీద, మూరెడు ఎర్ర అక్షరాలతో రాశాడు: ఇచ్చట బెండ్ లేదు. ఇట్లు, ప్రభుత్వం.

మర్నాడు పొద్దున్నే ఒక లారీ దిగుతూ వచ్చింది. బోర్డు దగ్గరికి రాగానే కీచుమని ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత ఫస్టు గేరు వేసి, హారన్ కొడుతూ, పెళ్లివారి ఊరేగింపంత నెమ్మదిగా మలుపు తిరిగి, సన్యాసమ్మ కొట్టు ముందు రోడ్డు మీదే ఆపుకుని దిగాడు. గుంటూరు వైపు మనిషి. ఈ ఘాట్‌కి కొత్త.

"ఒక టీ ఇవ్వమ్మా. అమ్మో, ఎంత బెండండీ ఇది!" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"బెండు నేదని బోర్డెట్టినారు కదా బాబూ. సూడలేదేటి?"

"చూడబట్టేగా బతికిపోయాను! మా ఊళ్లో 'ఇచ్చట నీటి ఎద్దడి లేదు' అని బోర్డు పెట్టిన రోజు నుంచి బిందెలు పట్టుకుని మూడు మైళ్లు నడుస్తున్నాం. గవర్నమెంటోళ్లు పనిగట్టుకుని స్తంభం పాతి, లేదు అని రాయించారంటే, అదెంత పెద్దదై ఉండాలి! గుండె గుభేలుమంది. ఇక్కడిదాకా ఫస్టు గేర్లోనే వచ్చాను."

ఆ మధ్యాహ్నంలోగా తొమ్మిది లారీలు అలాగే ఫస్టు గేర్లో వచ్చాయి. తొమ్మిది మందీ గుండె నిమ్మళించడానికి టీ తాగారు. పదిహేను రోజులకి మృత్యుంజయరావుగారు వచ్చి, ప్రమాదాలు లేవు కాబట్టి బోర్డులో రాసింది నిజమేనని మరోసారి రుజువైందని సంఘానికి రాసుకున్నారు. సన్యాసమ్మ ఆయనకి రెండు గారెలు ఎక్కువ వేసింది.

కానీ అదంతా తర్వాతి మాట. ఆ మొదటి రోజు, గుంటూరు డ్రైవరు టీ గ్లాసు పట్టుకుని లారీకి చేరగిలబడి నిలబడి ఉండగా, పారమ్మ మంచం మీంచి తల ఆ వైపు తిప్పి గాలి పీల్చింది. మళ్లీ పీల్చింది. లారీ రోడ్డు మీద ఉంది, కొట్టు కొట్టులా ఉంది, గాలిలో అల్లం టీ వాసన తప్ప మరేమీ లేదు.

"ఒరే నాయినా," అందావిడ, "లోడేటి?"

"ఉప్పండీ," అన్నాడు డ్రైవరు.

ఇన్నాళ్లలో పారమ్మ ఒక లోడు గురించి అడిగి తెలుసుకోవలసి రావడం అదే మొదలు.